పాటతోపాటు పాడినవారి పేరు: సంకలన సీడీని వివరాలతో తయారుచేసే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో పాటలు ఎప్పుడూ ఒకే భాషలో ఉండవు. అమ్మమ్మలు పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు, రామమందిరంలో కార్తికమాసపు భజనలు, జగన్నాథునికి మొరపెట్టుకునే ఒడియా భక్తిపాటలైన జణాణాలు, పాత సినిమా పాటలు అన్నీ ఒకే అలమరలో, కొన్ని క్యాసెట్ల మీద, కొన్ని ఫోన్లలో ఉంటాయి. పెద్దవారి కారులోనో, పడకగదిలోనో సీడీ ప్లేయరు ఇంకా పనిచేస్తూ ఉంటే, ఈ పాటలను ఏర్చి ఒక సీడీగా చేసి ఇవ్వడం కష్టమైన పని కాదు. పాట పేరు, పాడినవారి పేరు ఆ సీడీలో నిలిచేలా చేయడానికి మాత్రం కొంత శ్రద్ధ కావాలి.

నాకు ఆ శ్రద్ధ అవసరమని తెలిసింది మా పెద్ద మామయ్య కారులో. ఆయన కోసం 18 పాటలతో ఒక సీడీ చేసి ఇచ్చాను. కంప్యూటర్లో ప్రతి పాటకూ పేరు, గాయకుల పేరు చక్కగా కనిపించాయి గనుక కారులోనూ కనిపిస్తాయని అనుకున్నాను. తెర మీద వచ్చింది మాత్రం ట్రాక్ 1, ట్రాక్ 2 అన్న అంకెలే. పదకొండో పాట మా అమ్మ పాడిన హారతి. "ఇది ఎవరు పాడారు తాతయ్యా?" అని మామయ్య మనవరాలు అడిగింది. ఆయన చెప్పారు కాబట్టి ఆ పిల్లకు తెలిసింది. ఆయన పక్కన లేని రోజున ఆ సీడీ ఏమీ చెప్పలేదు కదా అని నాకు చాలా బాధ కలిగింది.

ఇలా జరగడానికి కారణం సీడీ నిర్మాణంలోనే ఉంది. ఎంపీత్రీ ఫైలులో పాట పేరు, గాయకుల పేరు ట్యాగుల రూపంలో ఫైలు లోపలే ఉంటాయి. ఆ ఫైలును ఆడియో సీడీగా మార్చినప్పుడు సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఒక్కొక్కటి 16 బిట్లతో, రెండు ఛానళ్ల ధ్వని మాత్రమే డిస్కు మీదికి వెళ్తుంది, ట్యాగులు వెళ్లవు. డిస్కు ఆరంభంలోని విషయసూచికలో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే సమయాలు తప్ప పేర్లు ఉండవు. దుకాణంలో కొన్న సీడీని కంప్యూటర్లో పెట్టినప్పుడు పేర్లు కనిపించడానికి సాధారణంగా కారణం, ఆ సమయాల ఆధారంగా ఇంటర్నెట్‌లోని జాబితాలలో వెతికి తెచ్చుకోవడమే. మనం ఇంట్లో కూర్చిన సంకలనం ఏ జాబితాలోనూ ఉండదు. పైగా అనుకోకుండా సమయాలు కలిస్తే వేరే ఎవరిదో ఆల్బమ్ పేరు తగిలే అవకాశం కూడా ఉంది.

ఈ లోటు తీర్చడానికి సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1996లో సీడీ-టెక్స్ట్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టాయి. పాటలకు ముందు, డిస్కు లోపలి అంచున ఉండే లీడ్-ఇన్ అనే భాగంలో పేర్లను దాచే పద్ధతి ఇది. అక్కడ ఉన్న చోటు సుమారు 5 కిలోబైట్లు మాత్రమే అయినా, ఇరవై పాటల పేర్లకు, గాయకుల పేర్లకు అది ధారాళంగా సరిపోతుంది. పాట పేరు, గాయకులు, రచయిత, స్వరకర్త, చిన్న సందేశం వంటి వాటికి వేరువేరు గదులు ఉన్నాయి. కారు ప్లేయర్లు సాధారణంగా చూపించేవి మొదటి రెండే కాబట్టి మన శ్రమను వాటి మీదే పెట్టాలి.

డిస్కును కంప్యూటర్లో పెట్టకముందే చేయవలసిన పని ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఒక నోటు పుస్తకంలో వరుస సంఖ్య, పాట మొదటి మాటలు, పాడినవారి పేరు, వారు మనకు ఏమవుతారు, ఎక్కడ, ఏ సందర్భంలో రికార్డు చేశారు అనేవి రాసుకోవాలి. ఇంటి పాటలకు సాధారణంగా పేరు ఉండదు గనుక పల్లవిలోని మొదటి రెండు మూడు మాటలనే పేరుగా పెట్టడం మంచిది. గుర్తుపట్టలేని గొంతు ఉంటే ఊహించి రాయకుండా ఇంట్లోని పెద్దవారికి ఆ పాటను వినిపించి అడగాలి. మా పిన్ని ఒకే ఒక్క చరణం విని, ఆ గొంతు తన మేనత్తదని, వెనక తాళం వేస్తున్నది పక్కింటి ఆవిడ అని చెప్పింది. ఆ రెండో పేరు కూడా గాయకుల గదిలో చేరింది.

తరువాత లిపి సమస్య వస్తుంది. సీడీ-టెక్స్ట్‌ను నిర్ణయించినప్పుడు లాటిన్ అక్షరాలకు, జపనీస్ లిపికి సంకేత పద్ధతులు ఏర్పరిచారు గాని తెలుగుకు, ఒడియాకు అందులో చోటు లేదు. నా రెండో ప్రయత్నంలో తెలుగు అక్షరాలతోనే పేర్లు టైపు చేశాను. తెర మీద వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. అందుచేత ఇంగ్లీషు అక్షరాలలోనే పేర్లు రాయాలి. దీర్ఘాల మీద గీతలు, అక్షరాల కింద చుక్కలు పెట్టే పండిత పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ గుర్తులను కూడా చాలా ప్లేయర్లు చూపించలేవు.

మన సరిహద్దు జిల్లాలలో ఇంగ్లీషు అక్షరాలతో రాయడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. గీత అనే పేరులోని 'త'కు తెలుగువారు సాధారణంగా టీ పక్కన హెచ్ చేర్చి రాస్తారు. ఒడియావారు టీ ఒక్కటే రాసి, హెచ్ చేర్చిన రూపాన్ని ఒత్తు 'థ' కోసం ఉంచుకుంటారు. మన వాసుదేవుడు ఒడియా బడి రికార్డులలో బీ అక్షరంతో మొదలవుతాడు. అందువల్ల ఒకే ఇంట్లో, ఒకే మనిషి పేరు బడి సర్టిఫికెట్‌లో ఒక రకంగా, శ్రీకాకుళంలోని బంధువులు పంపిన శుభలేఖలో మరొక రకంగా ఉంటుంది. రెండూ తప్పు కావు. అయితే ఒక పాటకు ఒక రూపం, మరొక పాటకు మరొక రూపం పెడితే, పాటలను ఎంపీత్రీ ఫైళ్లుగానే పెట్టే డిస్కులో ఒకే గాయని ఇద్దరుగా విడిపోతుంది. నేను పాటించే నియమం ఏమిటంటే, పాడినవారు తమ సంతకంలో ఏ రూపం వాడతారో దానినే తీసుకుంటాను. వారు లేకపోతే వారి పిల్లలు వాడే రూపం తీసుకుంటాను. ఒకసారి నిర్ణయించిన రూపాన్ని నోటు పుస్తకంలో రాసి, తరువాత చేసే ప్రతి సీడీలోనూ అదే వాడతాను.

పేరులో ముందు ఏది రావాలన్నది కూడా ఆలోచించాలి. కారు తెర చిన్నది కాబట్టి ఒక్కసారికి పది, పన్నెండు అక్షరాలకు మించి కనిపించకపోవచ్చు. ప్రతి పాట పేరునూ 'మంగళహారతి' అన్న మాటతో మొదలుపెడితే అన్నీ ఒకటే అనిపిస్తాయి గనుక, పాట మొదటి మాటలను ముందు పెట్టి, హారతి అన్న మాటను చివర పెట్టాలి. అలాగే ఇంటిపేరును ముందు రాసే మన అలవాటును ఇక్కడ కాసేపు పక్కన పెట్టి, పిలిచే పేరును ముందు రాస్తే తెర మీద మనిషి వెంటనే తెలుస్తుంది.

ధ్వని విషయంలో చేయవలసినది కొంచెమే. క్యాసెట్ నుంచి ఎక్కించినవి, ఫోనులో రికార్డు చేసినవి ఒకే గట్టిదనంతో ఉండవు కాబట్టి ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములో ముందు వెనకల ఖాళీని కత్తిరించి, స్థాయిని సమం చేసి, వేవ్ అనే, ధ్వనిని కుదించకుండా ఉంచే ఫైళ్లుగా భద్రపరచాలి. వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. ఎంపీత్రీని వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయిన నాణ్యత తిరిగి రాదు గనుక, మూల రికార్డింగు దొరికితే దానినే వాడాలి. మామూలు డిస్కులో 80 నిమిషాల ధ్వని పడుతుంది. నేను 77 నిమిషాల దగ్గర ఆపుతాను, ఎందుకంటే డిస్కు బయటి అంచు దగ్గర పాత ప్లేయర్లు తడబడడం చాలాసార్లు చూశాను.

ఇక రాసే దశ. సీడీ-టెక్స్ట్ లీడ్-ఇన్‌లో ఉంటుంది కాబట్టి డిస్కును మొదటి నుంచి చివరి వరకు ఒకే ఊపులో రాసే 'డిస్క్ ఎట్ ఒన్స్' పద్ధతిని ఎంచుకోవాలి. ఒక్కొక్క పాటను విడివిడిగా రాసే 'ట్రాక్ ఎట్ ఒన్స్' పద్ధతిలో పాటల మధ్య రెండేసి సెకన్ల విరామం రావడమే కాక, సాధారణంగా పేర్లు కూడా చేరవు. హరికథ వంటి ఆగకుండా సాగే రికార్డింగును భాగాలుగా విడదీసినప్పుడు ఆ విరామం కథకుని మాటను మధ్యలో తుంచేస్తుంది. అందువల్ల కూడా మొదటి పద్ధతే మేలు, పాటల మధ్య ఖాళీని సున్నాకు తగ్గించుకోవచ్చు.

విండోస్‌లో ఇమ్‌జ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాములో క్యూ ఫైలు, అంటే పాటల వరుస, పేర్లు నమోదయ్యే చిన్న ఫైలు, తయారుచేసే సాధనం ఉంది. పాటలను వరుసలో చేర్చి, పైనున్న డిస్కు గుర్తును ఎంచుకుని సంకలనం పేరు, గాయకుల పేరు ఇచ్చి, తరువాత ఒక్కొక్క పాటను ఎంచుకుని దాని వివరాలు టైపు చేసి, ఆ క్యూ ఫైలును భద్రపరిచి, దాని నుంచే డిస్కు రాయాలి. లినక్స్ వాడేవారికి కే3బీలో కొత్త ఆడియో సీడీ ప్రాజెక్టు తెరిచి, పాట లక్షణాలలో పేర్లు నింపి, రాసేటప్పుడు సీడీ-టెక్స్ట్ గడిలో టిక్కు పెట్టడం సరిపోతుంది. నీరోలోనూ, ఐట్యూన్స్‌లోనూ ఇటువంటి టిక్కే ఉంటుంది. దానిని పెట్టకపోతే మీరు టైపు చేసిన వివరాలన్నీ కంప్యూటర్లోనే మిగిలిపోతాయి. సంకలనం మొత్తానికి గాయకుల పేరు అడిగిన చోట 'పలువురు' అన్న అర్థం వచ్చే మాట రాయవచ్చు. అయితే ఒక పాటకు గాయకుల పేరు ఇచ్చినప్పుడు మిగతా పాటలన్నిటికీ కూడా తప్పక ఇవ్వాలి.

ఒకసారే రాయగల సీడీ-ఆర్ డిస్కునే కొనండి. చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ కాంతిని చాలా తక్కువగా పరావర్తనం చేస్తుంది కాబట్టి పాత ప్లేయర్లు దానిని చదవలేవు. రాసే వేగాన్ని పాట వినే వేగానికి 16 రెట్ల దగ్గర పెడితే నిండు డిస్కుకు ఐదారు నిమిషాలు పడుతుంది, అంతకంటే తొందర అనవసరం. మా ప్రాంతంలో వానాకాలంలో కరెంటు పోవడం మామూలే గనుక, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద, ల్యాప్‌టాప్ అయితే నిండు ఛార్జీతో ఈ పని మొదలుపెట్టాలి. మధ్యలో ఆగిన సీడీ-ఆర్ తిరిగి పనికిరాదు.

రాసిన తరువాత విండోస్ ఫోల్డరులో చూసి నిరాశపడవద్దు, అక్కడ అంకెలే కనిపిస్తాయి. వీఎల్‌సీ ప్లేయరులో తెరిస్తే సీడీ-టెక్స్ట్ కనిపిస్తుంది. అసలు పరీక్ష మాత్రం ఆ సీడీ చేరవలసిన ప్లేయరులోనే చేయాలి. కొన్ని ప్లేయర్లు సీడీ-టెక్స్ట్‌ను అసలు చదవవు, కొన్నిటిలో డిస్ప్లే లేదా టెక్స్ట్ అన్న మీటను నొక్కితే తప్ప పేరు రాదు. ప్లేయరు మీద సీడీ-టెక్స్ట్ గుర్తు ముద్రించి ఉందేమో ముందే చూసుకుంటే శ్రమ తగ్గుతుంది.

ప్లేయరు ఎంపీత్రీని చదవగలిగితే, అదే 700 మెగాబైట్ల డిస్కును డేటా సీడీగా రాసి, 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) నాణ్యతలో సుమారు పన్నెండు గంటల పాటలు పెట్టవచ్చు. ఇక్కడ పేర్లు ఫైళ్ల ట్యాగులలోనే ప్రయాణిస్తాయి. ఎంపీత్రీట్యాగ్ అనే ప్రోగ్రాముతో వాటిని సరిచేసి, ఎంపీత్రీ ఫైళ్లలో వాడే ఐడీ3 అనే ట్యాగుల పద్ధతిలో 2.3 రూపాన్ని ఎంచుకోవడం పాత కారు ప్లేయర్లకు అనుకూలం. ఐడీ3 మొదటి రూపంలో పేరుకు 30 అక్షరాలే చోటు ఉండేది, కొన్ని పాత యంత్రాలు ఇప్పటికీ దానినే చదువుతాయి. 2.3 రూపం తెలుగు లిపిని భద్రపరచగలదు గాని, ప్లేయరులో తెలుగు ఫాంటు లేకపోతే గళ్లే కనిపిస్తాయి. ఫైలు పేర్లను 01, 02 అని రెండంకెల సంఖ్యలతో మొదలుపెడితే వరుస చెదరదు.

ఒక మాట హక్కుల గురించి. మార్కెట్లో విడుదలైన సౌండ్ రికార్డింగుకు మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం 60 సంవత్సరాల రక్షణ ఉంటుంది. సినిమా పాటలు కలిపిన సీడీని ఇంటి వాడుకకే పరిమితం చేయండి, అమ్మకానికి పెట్టవద్దు. ఇంటివారి పాటలనైనా పాడినవారిని అడిగాకే ఇతరులకు పంచాలి.

డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయకూడదు, జిగురు కాగితం అంటించకూడదు. పాటలుండే పొర పైభాగానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి గట్టి మొన దానిని గాయపరుస్తుంది. సీడీల కోసం అమ్మే మెత్తటి మార్కరుతో సంకలనం పేరు మాత్రం రాసి, పూర్తి జాబితాను కవరులో ఉంచే కాగితం మీద పెట్టాలి. తెలుగు లిపికి తెర మీద దొరకని చోటు ఆ కాగితం మీద దొరుకుతుంది. నేను కాగితానికి ఒక వైపు తెలుగులో, మరొక వైపు ఒడియాలో రాస్తాను, ఎందుకంటే మా పెద్దలు తెలుగు చదువుతారు, ఇక్కడి బడులలో చదివిన పిల్లలలో చాలామందికి ఒడియా అక్షరాలే వచ్చు. మామయ్యకు మళ్లీ చేసి ఇచ్చిన సీడీలో పదకొండో పాట ఎదుట రెండు లిపులలోనూ మా అమ్మ పేరు ఉంది, తెర మీద ఇంగ్లీషు అక్షరాలలో కూడా వస్తుంది. దాని క్యూ ఫైలును, వేవ్ ఫైళ్లను ఒకే ఫోల్డరులో పెట్టి వేరే హార్డ్‌డిస్కులో దాచాను. ఎండలో నిలిపిన కారులో సీడీ-ఆర్ త్వరగా పాడవుతుంది, అప్పుడు పేర్లేవీ మళ్లీ టైపు చేయకుండా ఇంకొకటి రాసి ఇవ్వవచ్చు.