లాగ్ తీసేసినా డిస్క్ ఖాళీ కాలేదు

సర్వర్ పని నా చేతికొచ్చిన రెండో వారంలోనే సైట్ ఆగిపోయింది. లాగిన్ అయి డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ (df) కమాండ్ కొడితే 50 జీబీ డిస్క్ 100 శాతం నిండి ఉంది. వెతికితే ఒక్క లాగ్ ఫైలే (సర్వర్ తన పనుల చిట్టా రాసుకునే ఫైలు) 38 జీబీ! దొంగ దొరికాడనుకుని ఫైళ్లు తీసేసే కమాండ్ ఆర్ఎమ్ (rm)‌తో తీసేశాను. మళ్ళీ చూస్తే అదే 100. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ (du) కమాండ్‌తో లెక్కేస్తేనేమో ఫైళ్లన్నీ కలిపి 11 జీబీయే.

సంగతేమిటంటే, లినక్స్‌లో ఫైలు తీసేస్తే ముందు పోయేది దాని పేరే. ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకున్నంతసేపూ డిస్క్‌లో చోటు ఖాళీ కాదు. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్) ప్రోగ్రామ్‌లు తెరిచి ఉంచిన ఫైళ్లు చూపే ఎల్ఎస్ఓఎఫ్ (lsof) కమాండ్‌కి పేరు పోయినవే చూపమని ప్లస్ ఎల్1 (+L1) తగిలించి చూశాను. వెబ్ సర్వర్ ప్రాసెస్ వరసలో అదే లాగ్ పేరు, చివర ‘డిలీటెడ్’ అని ఉంది. సర్వీసులను నడిపే కమాండ్ సిస్టమ్‌సీటీఎల్‌తో ఆ సర్వీస్ రీస్టార్ట్ చేయగానే 22 శాతానికి దిగింది.

తీసేయకుండా ట్రంకేట్‌తో సైజు సున్నా చేసుంటే ఈ తిప్పలుండేవి కావు. అంత పెరగడానికి కారణం కూడా నేనే: లాగ్ ఫైలు ఉండే దారి (పాత్) మార్చి, నిండిన లాగ్‌ను పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్‌లో ఆ దారి మార్చడం మరిచాను. ఇప్పుడు రోజూ కొత్త ఫైలుకు తిప్పి, పాతవి 7 మాత్రమే ఉంచమని రాశాను.