పనిచోట ‘కుదరదు’ అని చెప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అడిగిన వెంటనే జవాబివ్వకండి. చేతిలో ఉన్న పనులు, వాటి గడువులు చూసుకుని సాయంత్రంలోగా చెబుతానని తెలియజేసి, ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోండి. ఒక పనికి పట్టే సమయాన్ని మనుషులు సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. కాబట్టి ‘అరగంట పనే కదా’ అనిపించినప్పుడు, గతంలో అలాంటి పనికి నిజంగా ఎంతసేపు పట్టిందో గుర్తు చేసుకోవడం మంచిది.

అడిగింది ఎవరో గమనించండి. పై అధికారి అప్పగించిన పనిని నేరుగా కాదనే బదులు, ‘శుక్రవారానికి ఇవ్వవలసిన నివేదిక నా చేతిలో ఉందండి, దీన్ని ముందు చేయమంటే దాన్ని సోమవారానికి జరపవలసి వస్తుంది, ఏది ముందు కావాలో చెప్పండి’ అని అడిగితే, ప్రాధాన్యం నిర్ణయించే బాధ్యత ఉండవలసిన చోటే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం. భద్రతకో చట్టానికో విరుద్ధమైన పనైతే మాత్రం ఈ బేరం వద్దు; కారణం చెప్పి స్పష్టంగా నిరాకరించి, ఆ విషయాన్ని రాతపూర్వకంగా ఉంచుకోండి.

కారణం ఒక్కటి చాలు, అదీ నిజమైనదై ఉండాలి. నాలుగు సాకులు వరుసగా చెబితే, ఎదుటివారు ఒక్కొక్కదానికీ పరిష్కారం చూపిస్తారు, చివరికి ఒప్పుకోక తప్పదు. ‘చూద్దాం’, ‘ప్రయత్నిస్తాను’ వంటి మాటలు వాడకండి. వాటిని నమ్ముకుని అవతలివారు వేరే ఏర్పాటు చేసుకోకుండా ఆగిపోతారు, అది నిరాకరణ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

నలుగురిలో కాకుండా విడిగా చెప్పండి. సాయం చేయగల సహోద్యోగి పేరు సూచించాలనుకుంటే, ముందుగా ఆ వ్యక్తిని అడిగి తీరాలి.