శ్రీకాకుళంలో అందరి సైకిల్ పండగ: నిదానంగా తొక్కేవాళ్లను ముందు తలుచుకుని ఏర్పాటు చేయండి

పాల క్యాన్లు కట్టిన పాత నల్ల సైకిలు, ఏడో తరగతి పిల్ల బుట్ట సైకిలు, కొత్త గేర్ల సైకిలు, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. ఈ నాలుగూ ఒకే ఉదయం ఒకే రోడ్డు మీద సాగాలి. అలా కాకుండా గేర్ల సైకిళ్ల వాళ్లు 40 మంది హెల్మెట్లు పెట్టుకుని దూసుకుపోతే అది వాళ్ల సరదాయే అవుతుంది గాని ఊరి పండగ కాదు. అందుకే లెక్కలన్నీ అందరికంటే నిదానంగా తొక్కేవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. చదును రోడ్డు మీద చేతి బండి గంటకు 6, 7 కిలోమీటర్లు పోతుంది. గేర్లు లేని సైకిలు 10 నుంచి 12, గేర్లున్నది 18 నుంచి 20. దారి, నీళ్లు, పోలీసుల సాయం, ముగింపు వేళ, అన్నీ ఈ అంకెల మీదే ఆధారపడతాయి.

ఏ రోజు పెట్టాలి

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం. 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పేరు బాగుంది కాని మన జిల్లాలో ఆ రోజుల్లో ఉదయం ఎనిమిదికే ఉక్కపోత మొదలవుతుంది, పిల్లల్ని, పెద్దవాళ్లని రోడ్డెక్కించే కాలం కాదు. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు చూసుకోండి.

అందరికీ ముందు తోచేది ఆదివారమే. శ్రీకాకుళంలో మాత్రం ఆదివారం వద్దు. సూర్యుడి వారం కదా, తెల్లారగట్ల నుంచే అరసవల్లి సూర్యుడి గుడి దారంతా ఆటోలు, భక్తుల బస్సులు నిండిపోతాయి. బడి పిల్లలకు సెలవుండే రెండో శనివారం మేలు. జనవరిలో రెండో శనివారం ఒక్కోసారి భోగి పనుల మీదికొస్తుంది. ఫిబ్రవరి అనుకుంటే రథసప్తమి ఎప్పుడో పంచాంగం చూసుకోండి. ఈ చిక్కులేవీ లేనిది డిసెంబరు రెండో శనివారం.

మూడు దారులు

చిన్నది: ఊళ్లోంచి అరసవల్లి వెళ్లి తిరిగి రావడం, నాలుగైదు కిలోమీటర్లు. పిల్లలు, చేతి బండ్లు, ఈ మధ్యే తొక్కడం నేర్చుకున్నవాళ్లు ఇందులో ఉంటారు. మధ్యది: శ్రీకూర్మం, ఒకవైపు సుమారు 13 కిలోమీటర్లు. పెద్దది: గార మీదుగా కళింగపట్నం, ఒకవైపు దాదాపు 30. మూడింటిలో దేనికోసమూ జాతీయ రహదారి ఎక్కకండి. అక్కడ లారీ పక్కగా పోయినప్పుడు వచ్చే గాలికే చిన్న సైకిలు ఊగిపోతుంది.

ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆరంభం పెట్టాలని చాలామందికి ఉంటుంది, ఫొటో బాగా వస్తుందని. అన్ని వైపుల నుంచీ బండ్లు వచ్చే చోట 200 సైకిళ్లను అరగంట నిలబెడితే ఊరంతా ఆగిపోతుంది. ప్రహరీ ఉన్న మైదానమో, కాలేజీ ఆవరణో తీసుకోండి. గేటు వెడల్పు టేపుతో కొలవండి. మూడు చక్రాల బండికి కనీసం ఒక మీటరు కావాలి, గడప గాని మెట్టు గాని ఉండకూడదు. ఉంటే చెక్క పలక వేసి వాలు చేయండి.

దారిని రెండుసార్లు తొక్కి చూడాలి, కారులో కాదు, సైకిలు మీదే. మొదటిసారి నెల ముందు, రెండోసారి రెండు రోజుల ముందు, పండగ ఏ వేళకో సరిగ్గా ఆ వేళకు. ఈ రెండోది వదిలేయకండి. డిసెంబరు, జనవరిల్లో పల్లెల దగ్గర తారు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, అంచుకు వరసగా రాళ్లు పెడతారు. నెల కిందట ఖాళీగా ఉన్న రోడ్డు అప్పటికి సగమే మిగులుతుంది. గింజల మీద, గడ్డి మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. రైతును తీసేయమనడం న్యాయం కాదు. ఆ చోట ఒక మనిషిని ఎర్రజెండాతో నిలబెట్టి, సైకిళ్లను ఒకే వరసలో నిదానంగా దాటించండి. గుంతలకు ముందురోజు సాయంత్రం ముగ్గుపిండితో చుట్టూ గీత గీస్తే చాలు, దూరానికే కనిపిస్తుంది.

గాలి సంగతి కళింగపట్నం వెళ్లేవాళ్లకు ముఖ్యం. శీతాకాలంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, పదీ పదకొండు గంటలకు దిశ మారి సముద్రం మీంచి ఊరి వైపు వస్తుంది. పొద్దున్నే బయల్దేరినవాళ్లకు పోయేటప్పుడు గాలి వెనకే ఉంటుంది, వచ్చేటప్పుడు కూడా దిశ మారాక వెనకే ఉంటుంది. ఎనిమిదికి బయల్దేరితే వెళ్లేటప్పుడు ఆఖరి పది కిలోమీటర్లు ఎదురుగాలి తగిలే ప్రమాదం ఉంది.

అనుమతులు, మనుషులు

మూడు వారాల ముందు పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వక దరఖాస్తు ఇవ్వండి. దారి పటం, ఎంతమంది, ఎన్నింటికి ఆరంభం, ఎన్నింటికి ముగింపు, బాధ్యుల ఫోన్ నంబర్లు అందులో ఉండాలి. దారి కార్పొరేషన్ హద్దు దాటి పల్లెల్లోకి పోతుంది గనక ఆ పరిధి స్టేషన్లకూ, పంచాయతీలకూ వేరే నకళ్లు కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు, టౌన్‌లో సంతకం అయితే అంతా అయినట్టే అనుకుంటారు. దరఖాస్తులో ‘పోటీ’ అన్న మాట వాడకండి. అసలు పోటీ పెట్టకండి. ముందు వచ్చినవాడికి బహుమతి అని ఒక్క మాట అన్నారంటే పదిహేనేళ్ల కుర్రాళ్లందరూ పాలాయన్ని రాసుకుంటూ పోతారు.

200 మందికి కనీసం 20 మంది కార్యకర్తలు కావాలి. ప్రతి గుంపుకీ ముందు ఒకరు, వెనక ఒకరు. ముందున్నవారిని దాటి ఎవరూ పోకూడదు, వెనకున్నవారికంటే ఎవరూ వెనకబడకూడదు. ముందు తొక్కే మనిషిని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే గుంపు చెదిరిపోతుంది. వేగంగా తొక్కేవాళ్లు తమకు తెలియకుండానే 18కి చేరిపోతారు. గేర్లు లేని సైకిలున్న మనిషిని పెట్టండి, వేగం దానంతటదే 12 దగ్గర ఆగుతుంది. వెనకుండే మనిషికి మాత్రం ఓపిక, పంక్చరు పని రెండూ తెలిసుండాలి.

25 మందికి ఒక గుంపు చొప్పున మూడేసి నిమిషాల తేడాతో వదలండి. కళింగపట్నం వాళ్లు ముందు, తర్వాత శ్రీకూర్మం వాళ్లు, ఆఖరున అరసవల్లి వాళ్లు. ఈ వరస తిరగేస్తే పిల్లల మధ్యలోంచి పెద్దలు దూరి పోవాల్సి వస్తుంది. మంచు దట్టంగా ఉంటే ఎవరు తొందరపెట్టినా 50 మీటర్ల అవతలి మనిషి కనిపించేదాకా వదలొద్దు. ప్రతి సైకిలు వెనక మడ్‌గార్డుకు ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి, దీని ఖర్చు దగ్గర వెనకాడొద్దు. టీషర్టులు, మెడళ్లు మానేసి ఆ డబ్బుతో ఇద్దరు సైకిలు మెకానిక్‌లకు రోజు కూలీ ఇస్తే పండగకు అంతకంటే మేలు ఉండదు. శనివారం వాళ్ల కొట్టు మూస్తున్నారు గనక ఊరికే రమ్మనడం తప్పు.

దారిలో చెడిన సైకిళ్ల కోసం ఒక ట్రాలీ ఆటో చివర్లో రావాలి. సైకిలుకూ సైకిలుకూ మధ్య గోనెసంచులు వేయండి. అరువు తెచ్చిన సైకిలుకు గీత పడితే వచ్చే ఏడు ఎవరూ ఇవ్వరు. 108 వాళ్లకు ముందే దారి చెప్పి ఉంచండి.

సైకిళ్ల తనిఖీ

ఇది అన్నిటికంటే పెద్ద పని. ముందురోజు సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు పెట్టండి. పండగ పొద్దున పెడితే చీకట్లో సగం కనపడదు, మిగతా సగానికి వేళ చాలదు.

గాలితో మొదలుపెట్టండి. నల్ల సైకిలు 28 అంగుళాల చక్రానికి 40, 45 పౌండ్లు చాలు, లావు టైర్లకు 35 నుంచి 45. సన్నటి రోడ్డు సైకిలు టైర్లకు 80 పైన పడుతుంది. పాత సైకిళ్ల వాల్వు వేరు, గేర్ల సైకిళ్లలో కారు టైరు లాంటి వాల్వు గాని, సన్నటి పొడుగు వాల్వు గాని ఉంటుంది. మూడింటికీ సరిపడే తలలున్న పంపు గాని, చిన్న ఇత్తడి మార్పిడి ముక్కలు గాని లేకపోతే గేర్ల సైకిలాయన పంపు ముందు నిలబడి కూడా గాలి పట్టించుకోలేడు.

పాత సైకిలుకు రాత్రి పట్టిన గాలి తెల్లారేసరికి పోయిందంటే ప్రతిసారీ పంక్చరు అనుకోకండి. వాల్వు లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, ఎండకు అది పగులుతుంది. వాల్వు మూతి మీద తడి వేలు పెట్టండి. బుడగ వస్తే రబ్బరు పోయినట్టే. మూడు సెంటీమీటర్ల కొత్త ముక్క తడిపి తొడిగితే ఒక నిమిషం పని.

నిజంగా పంక్చరైతే ట్యూబును నీళ్లలో ముంచి చిల్లి చూసుకుని, తడి తుడిచి, ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషను పల్చగా రాసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. వేలికి అంటనప్పుడే అతుకు వేయాలి. తడిగా ఉండగానే వేస్తే దారిలో ఊడిపోతుంది, ఎక్కువసార్లు జరిగే తప్పు ఇదే. ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తడమండి. తుమ్మముల్లు మొన అక్కడే ఉంటే కిలోమీటరు పోకముందే మళ్లీ గుచ్చుతుంది.

తర్వాత బ్రేకులు. సైకిలును తోస్తూ ఒక్కో బ్రేకు పట్టి చూడండి, చక్రం నిలబడాలి. రబ్బరు అరిగి లోహం కనిపిస్తుంటే మార్చందే ఆ సైకిలును వదలొద్దు, యజమాని ఎంత బతిమాలినా సరే. చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం మించి దిగకూడదు. దిగితే వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, రెండువైపులా సమంగా బిగించండి. ఒక పక్కే లాగితే చక్రం వంకరై ఫ్రేముకు రాసుకుంటుంది. పెడలు తిప్పుతుంటే ప్రతి చుట్టుకీ టక్కుమంటోందా? పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులైంది. సుత్తితో ఒక దెబ్బ వేసి నట్టు బిగించండి, అరిగిపోతే కొత్తది వేయండి. ఆడవాళ్ల సైకిళ్లకు చైను కవరు, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా వల ఉన్నాయో లేదో చూసి, లేకపోతే కొంగు, చున్నీ నడుముకు బిగించి కట్టమని చెప్పండి.

200 సైకిళ్లకు సామాను: 28 అంగుళాల ట్యూబులు 6, 26వి 4, 20వి 2, వాల్వు రబ్బరు ఒక మీటరు, అతుకులు 50, సొల్యూషను 4, బ్రేకు రబ్బర్లు 10 జతలు, కాటర్ పిన్నులు 6, చైను లాకులు 5, కాలి పంపులు 2, 8 నుంచి 15 వరకు స్పానర్లు, 4, 5, 6 ఎలెన్ కీలు, నీళ్ల బేసిను.

తొక్కడం రాని పెద్దవాళ్లకు

పండగకు రెండు వారాల ముందు నుంచి సాయంత్రాలు నేర్పండి. వెనక పట్టుకుని పరిగెత్తే పాత పద్ధతి వద్దు. పట్టుకున్నవాడి మీద ఆధారపడతారు, వదలగానే పడతారు. రెండు పెడళ్లూ విప్పేయండి. 15 స్పానరు కావాలి, ఎడమ పెడలుకు మర తిరగబడి ఉంటుంది, అది తెలియక బలంగా తిప్పితే మర చెడుతుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. కొంచెం వాలున్న చోట కాళ్లతో తోసుకుంటూ జారమనండి. పాదాలెత్తి పది మీటర్లు జారగలిగితే నిలకడ వచ్చేసినట్టే. అప్పుడు పెడళ్లు బిగించండి. చీరలో నేర్చుకునేవాళ్లకు ముందువైపు కడ్డీ లేని సైకిలే ఇవ్వండి. ఇలా నేర్చుకున్న నలుగురు అరసవల్లి దాకా తొక్కినా పండగ పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

తిండి, నీళ్లు

గంటకు మనిషికి అర లీటరు లెక్క. శ్రీకూర్మం వెళ్లొచ్చేవాళ్లు వందమంది అయితే రెండున్నర గంటలకు 125 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. ప్లాస్టిక్ ప్యాకెట్లు మాని స్టీలు గ్లాసులు పెట్టండి, ఖాళీ ప్యాకెట్లు సైకిలు చక్రాల కిందికే వస్తాయి. శ్రీకూర్మం దగ్గర చోడి (రాగి) అంబలి, ఉప్పేసిన మజ్జిగ, అరటిపళ్లు చాలు. ఇడ్లీ, పూరీ తిరిగొచ్చాకే. కడుపు నిండా తిని తొక్కితే వాంతులవుతాయి. కోనేరు దగ్గర సైకిళ్లు గుంపుగా పెట్టకుండా ముందే వేరే జాగా చూసుకోండి, గుడికి వచ్చేవాళ్లకు అడ్డం కాకూడదు.

కుక్క వెంటపడితే వేగం పెంచొద్దని బయల్దేరేముందు అందరికీ చెప్పండి. దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే అది ఆగిపోతుంది. కళింగపట్నంలో ఇసకలోకి సైకిలు దించకండి. సన్న టైరు కూరుకుపోవడం ఒకటి, ఉప్పు ఇసక చైనులో చేరడం ఇంకొకటి. దింపినవాళ్లు ఇంటికెళ్లాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చైనుకు నూనె వేయాలి. వేయకపోతే వారానికే తుప్పు పడుతుంది.

మైదానంలో

తిరిగి వచ్చాక పిల్లలకు నెమ్మది సైకిల్ ఆట పెట్టండి. 25 మీటర్ల పొడవు, ఒక్కొక్కరికి మీటరున్నర వెడల్పు ముగ్గుతో గీయండి. కాలు నేల మీద పెట్టినా, గీత దాటినా అవుట్. ఆఖరున చేరినవాళ్లే గెలిచినట్టు. గేర్ల సైకిలుకూ అద్దె సైకిలుకూ ఇందులో తేడా ఉండదు, అందుకే ఇది మాత్రం పోటీగా పెట్టొచ్చు.

బయల్దేరేటప్పుడు ఒక్కో మనిషికి నంబరు రాసిన గుడ్డముక్క ఇచ్చి హ్యాండిలుకు కట్టించండి. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా పేరు, వయసు, ఇంటివాళ్ల ఫోన్, ఏ దారి అన్నవి రాయండి. తిరిగొచ్చినప్పుడు గుడ్డ విప్పి బుట్టలో వేయాలి. మధ్యలోనే ఇంటికెళ్లిపోయేవాళ్లు ఫోన్ చేసి నంబరు చెప్పాలి. శ్రీకూర్మం గుడ్డలు పదిన్నరకు, కళింగపట్నం గుడ్డలు ఒంటిగంటకు లెక్కపెట్టండి. తగ్గిన నంబర్లకు వెంటనే ఫోన్లు చేయండి. అన్ని గుడ్డలూ బుట్టలో పడేదాకా జంక్షన్లలో నిలబెట్టిన మనుషుల్ని వెనక్కి పిలవొద్దు, ట్రాలీ ఆటోను పంపేయొద్దు, మెకానిక్‌ల సామాను కట్టనివ్వొద్దు.