బట్టలారబెట్టే డ్రైయర్ మొరాయిస్తే: అమెరికాకు కొత్తగా వెళ్లినవారికి

హనుమకొండలో పొద్దున ఆరింటికి ఫోను మోగిందంటే మా అక్క కూతురే. టెక్సాస్‌లో అప్పటికి ముందురోజు రాత్రి. "చిన్నమ్మా, డ్రైయర్ స్టార్ట్ కావడం లేదు, రేపు వేసుకోవడానికి ఒక్క జత కూడా లేదు" అంది మొన్న. డాబా మీది దండెం తప్ప మరొకటి తెలియని ఇళ్ల నుంచి వెళ్తారు కాబట్టి కంగారు సహజం. అక్కడ పదకొండేళ్లు ఉండి వచ్చినదాన్ని కనుక చెబుతున్నాను: తిరగని డ్రైయర్ పాడైపోయిందని వెంటనే అనుకోకండి.

మొదట తలుపు. గట్టిగా నొక్కితే టిక్కుమనాలి. అంచున చిన్న స్విచ్చు ఉంటుంది, అది నొక్కుకోకపోతే యంత్రం కదలదు. దుప్పటి కొస ఇరుక్కున్నా అంతే. స్టార్ట్ బొత్తాన్ని తాకి వదిలేయకుండా రెండు సెకన్లు నొక్కి పట్టుకోండి. తాళం బొమ్మ వెలుగుతుంటే లాక్ పడినట్టు. చాలా మోడళ్లలో ఆ బొత్తాన్నే కాసేపు నొక్కి ఉంచితే పోతుంది.

తర్వాత కరెంటు. అక్కడ మామూలు ప్లగ్గులకు 120 వోల్టులు, కరెంటు డ్రైయర్‌కు 240. అది రెండు వైర్ల మీద 120 చొప్పున అందుతుంది. మన దగ్గర ఒక ఫేజు పోతే ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బావి దగ్గర మోటారు మాత్రం తిరగదు. ఇదీ దాదాపు అలాంటిదే. ఒక వైపు పోతే చాలా డ్రైయర్లు తిరుగుతాయి గానీ వేడి రాదు. మోటారుకు అందే వైపే పోతే అసలు కదలవు.

బ్రేకర్ల పెట్టెలో 30 ఆంపియర్ల జోడు బ్రేకర్ సాధారణంగా డ్రైయర్‌దే. "అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి చిన్నమ్మా" అంది మా పిల్ల. ఫోను దగ్గరగా పెట్టమన్నాను. మిగతా పిడులన్నీ ఒకే వరుసలో ఉంటే ఆ జోడు ఒక్కటే గోరంత పక్కకు జరిగి ఉంది. ట్రిప్ అయిందంటే అదే గుర్తు. ముందు పూర్తిగా ఆఫ్ వైపు తోసి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. మధ్యలో నుంచి నేరుగా ఆన్ చేస్తే నిలవదు. మళ్లీ పడిపోతే మాత్రం రెండోసారి వేయకండి. తడి చేతులతో అసలు ముట్టుకోకండి.

బ్రేకర్ బాగానే ఉంటే నా అనుమానం లోపలి థర్మల్ ఫ్యూజు మీద. గాలి బయటికి వెళ్లే దారి మూసుకుపోయి వేడి మితిమీరితే, నిప్పు పుట్టకముందే అది తెగిపోతుంది. తెగితే మార్చాల్సిందే. దాన్ని తప్పించి వైరు కలిపే చిట్కాలు చెప్పేవాళ్లు ఉంటారు, దయచేసి వినకండి. మొదటి ఏడాది నాకు ఫ్యూజు మార్చడానికి వచ్చినతను వెనక గొట్టంలో నుంచి దోసెడు బూడిదరంగు నూగు లాగి చూపించాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. ఎనుమాముల మార్కెట్లో పత్తి చూస్తూ పెరిగినవాళ్లం, నూగు ఎంత త్వరగా అంటుకుంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. బట్టలు వేసిన ప్రతిసారీ డ్రైయర్‌లో నూగు పట్టే జల్లెడ శుభ్రం చేయండి. వెనక గొట్టం గోడకు నొక్కుకుని మడత పడిందేమో కూడా చూడండి.

అద్దె ఇల్లయితే వెనక మూత విప్పవద్దు. అద్దెలో డ్రైయర్ కూడా కలిసి ఉంటే బాగు చేయించడం సాధారణంగా యజమాని పని. మన పిల్లలు అడగడానికి మొహమాటపడి వారాల తరబడి తడి బట్టలతో అవస్థ పడతారు. అడగండి, రాసి మరీ అడగండి. తలుపు అంచున ఉండే మోడల్ నంబరు, కనిపించిన లక్షణం చెప్పండి. "మోటారు చప్పుడే లేదు" అన్నది వేరు, "మోటారు నడుస్తోంది, బట్టలు వేసే డ్రమ్ము తిరగడం లేదు" అన్నది వేరు. రెండోదయితే బెల్టు తెగి ఉండవచ్చు.

ఈలోగా బట్టలను రాత్రంతా వాషర్‌లో వదిలేయకండి, వాసన పడతాయి. ఇంకోసారి స్పిన్ చేసి, స్టాండు మీద ఫ్యాను గాలికి ఆరేయండి. బాల్కనీలో ఆరేయడానికి కొన్నిచోట్ల ఒప్పుకోరు, ఒప్పంద పత్రం చూసుకోండి. బతుకమ్మకు అమ్మ పంపిన పట్టుచీరను మాత్రం డ్రైయర్ బాగయ్యాక కూడా అందులో వేయకండి.