ఈస్ట్ చదువు – 4వ పాఠం: కణాలను లెక్కపెడదాం

పోయిన పాఠంలో గౌడన్న చెట్టు దిగుతూనే లొట్టిలోంచి పోసిచ్చిన తాటికల్లు తీసుకుని, అందులో ఒక చుక్కను ఆగర్ ప్లేటు (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద గీశాం. కల్లును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్. వెన్నముద్దలా ఉబ్బిన దాని కాలనీని, అంటే కణాల గుంపును వేరుచేసి, గ్లూకోజ్ కలిపిన మీడియంలో, అంటే ఈస్ట్‌కు తిండి ఉన్న ద్రవంలో రాత్రంతా పెంచమన్నాను. ఎండాకాలం నల్గొండలో ఇంటి లోపలే వేడి 38 దాటుతుంది. ఈస్ట్‌కు మాత్రం 30 డిగ్రీలు హాయి. అందుకే సీసాకు తడిగుడ్డ చుట్టి రంజన్ పక్కన పెట్టమన్నాను. ఇప్పుడు అది పల్చటి మజ్జిగలా కనిపించాలి.

ఆ మజ్జిగలో ఎన్ని కణాలున్నాయి? వాటిలో బతికున్నవి ఎన్ని? ఈ రోజు పని ఇదే. బీరు తయారుచేసేవాళ్లు ఒక మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు పడేలా ఈస్ట్ వేస్తారు. తక్కువైతే పులియడం ఆలస్యమవుతుంది, ఈలోగా బాక్టీరియా చేరుతుంది. ల్యాబులోనూ అంతే, లెక్క లేకుండా మొదలుపెట్టిన ప్రయోగాన్ని ఇంకోసారి అలాగే చేయలేం.

కావాల్సింది హీమోసైటోమీటర్. రక్తకణాలు లెక్కపెట్టే మందపాటి గాజు పలక అది. మిషన్లు వచ్చాక చాలా ల్యాబుల్లో మూలన పడి ఉంటుంది, అడిగి చూడండి. దాని మధ్యలో ఒక మిల్లీమీటరు చదరం, అందులో 25 గళ్లు. పైన కవర్ గ్లాస్ అనే పల్చటి అద్దం ముక్క పెడితే లోతు 0.1 మిల్లీమీటరు. అద్దం సరిగ్గా కూర్చుంటే అంచుల దగ్గర సన్నటి రంగుల వలయాలు కనిపిస్తాయి. అవి కనిపించేదాకా ముందుకు పోకండి. అద్దం కొంచెం లేచినా లోతు మారుతుంది, లెక్కంతా తప్పుతుంది.

ఇక రంగు. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ, 2 గ్రాముల సోడియం సిట్రేట్ కలపండి. బతికున్న కణం తన ఎంజైములతో ఆ నీలాన్ని విరిచేసి తెల్లగానే ఉంటుంది. చచ్చిన కణానికి ఆ శక్తి లేదు కాబట్టి నీలంగా మారిపోతుంది.

సీసాను బాగా కదపండి. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిసారి నేను కదపకుండా పైపైన తీశాను. ఐదు గళ్లలో కలిపి 11 కణాలే కనిపించాయి, కల్చర్ (సీసాలో పెంచిన ఈస్ట్) చచ్చిపోయిందని ఏడుపొచ్చింది. అడుగున చూస్తే లొట్టిలో మడ్డిలా ఈస్టంతా దిగి ఉంది. కదిపి తీస్తే 300 దాటాయి.

ఒక వంతు కల్చర్‌కు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని కాల్షియం వల్ల కొన్ని రకాల ఈస్ట్ కణాలు గుంపులుగా అతుక్కుంటాయి. తర్వాత అంతే కొలత రంగు కలపండి. అంటే మొత్తం 20 రెట్లు పల్చన అయింది. ఒక చుక్కను కవర్ గ్లాస్ అంచున ఆనిస్తే అదే లోపలికి పాకుతుంది. రెండు నిమిషాలు ఆగి, మైక్రోస్కోపులో 40 ఆబ్జెక్టివ్‌తో, అంటే 40 రెట్లు పెద్దగా చూపే కటకంతో చూడండి.

కోడిగుడ్డు ఆకారంలో మెరిసే కణాలు, కొన్నిటి భుజాన చిన్న మొగ్గ. ఆ మొగ్గే బిడ్డ కణం. మంచి తిండి, 30 డిగ్రీల వేడి ఉంటే దాదాపు 90 నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. ఈ మొగ్గల సైజు చూసే అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్ కణ విభజన ఏ దశలో ఆగిందో గుర్తుపట్టాడు, 2001లో నోబెల్ అందుకున్నాడు. మన లెక్కలో మాత్రం మొగ్గ తల్లిలో సగం కంటే చిన్నదైతే విడిగా లెక్కపెట్టొద్దు.

నాలుగు మూలల గళ్లు, నడిమి గడి లెక్కపెట్టండి. పై గీత, ఎడమ గీత మీదివి కలపండి; కింది గీత, కుడి గీత మీదివి వదిలేయండి. నాకు నిన్న 212 వచ్చాయి. 25 గళ్లలో 5 మాత్రమే చూశాం కాబట్టి 212ను 5తో హెచ్చిస్తే 1,060. ఆ చదరం మీద పట్టే ద్రవం మిల్లీలీటరులో పదివేలో వంతు కాబట్టి దాన్ని 10,000తో, పల్చన చేసినందుకు తర్వాత 20తో హెచ్చిస్తే మిల్లీలీటరుకు 21.2 కోట్లు. నీలంవి 9, అంటే 96 శాతం బతికున్నాయి.

ఈ లెక్క ఎంత నమ్మొచ్చు? రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, కేవలం యాదృచ్ఛికమా అని చూసే స్టూడెంట్ టీ-టెస్ట్‌ను డిగ్రీలో చదువుతాం, గుర్తుందా? ఆ 'స్టూడెంట్' అసలు పేరు విలియం గోసెట్, గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. 1907లో ఆయన రాసిన మొదటి వ్యాసం సరిగ్గా ఈ పలక మీద ఈస్ట్‌ను లెక్కపెట్టడంలో వచ్చే తేడా గురించే. సులువుగా చెప్పాలంటే, వచ్చిన సంఖ్య వర్గమూలమంత తేడా ఎప్పుడూ ఉంటుంది. 212కి దాదాపు 15, అంటే 7 శాతం. 400 లెక్కపెడితే 5 శాతానికి తగ్గుతుంది. అందుకే రెండో చుక్కతో ఇంకోసారి లెక్కపెట్టండి, బద్ధకించకండి.

వచ్చే పాఠానికి రెండు మీడియం సీసాలు సిద్ధం చేసుకోండి. ఒకటి డిస్టిల్డ్ వాటర్‌తో, రెండోది మీ ఊరి బోరు నీళ్లతో. మన బోరు నీళ్లలో ఉండి మన ఎముకలను వంచిన ఫ్లోరైడ్‌ను బయటికి తోసేసే ప్రోటీన్లు ఈస్ట్ పొరలో ఉన్నాయి. వాటి జన్యువులు తీసేస్తే ఈస్ట్ కూడా ఫ్లోరైడ్‌కు లొంగిపోతుంది. రెండు సీసాల్లోనూ మిల్లీలీటరుకు 10 లక్షల కణాలతో మొదలుపెట్టి, గంటగంటకూ లెక్కపెడదాం.