సరిహద్దు మండలంలో డబ్బు పెట్టే ముందు ఏం చూడాలి: ఇచ్ఛాపురం వైపు లెక్క

బ్యాంకులో ఫీల్డాఫీసరుగా చేసి రిటైరయ్యాను గానీ ఫోన్లు మాత్రం ఆగలేదు. కవిటి, కంచిలి, సోంపేట కుర్రాళ్లు అడిగేది ఒకటే: "సార్, ఇచ్ఛాపురంలో ఫలానా షాపు పెడితే నడుస్తుందా?" షాపు సంగతి తర్వాత. ముందు మన జనం చేతిలో డబ్బు ఏ నెలలో ఆడుతుందో, ఎటు పోతుందో చూడటం నేర్చుకోండి. జిల్లా గణాంకాల పుస్తకం చూడొద్దనను. సాగు, జనాభా మండలాలవారీగా అందులో దొరుకుతాయి. కాకపోతే ఆ లెక్క రాష్ట్రం బోర్డరు దగ్గర ఆగిపోతుంది, మనవాళ్ల డబ్బు ఆగదు.

కాబట్టి మొదట ఒడిశాలోని బరంపురం బస్సెక్కండి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లే. మన జిల్లా కేంద్రం శ్రీకాకుళానికి 130 దాకా పోవాలి. పొద్దుటి బస్సులో స్కానింగ్ కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్తుంటారు. పెళ్లి బట్టలకు వెళ్లేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఎక్కుతారు. సాయంత్రం తిరుగు బస్సులో సంచులు చూసి, అక్కడే ఎందుకు కొన్నారని మర్యాదగా అడగండి. ధర తక్కువంటే ఆ సరుకు జోలికి పోకండి. ఎక్కువ రకాలు దొరుకుతాయంటే మీకు పెద్ద పెట్టుబడి కావాలి. "ఎలాగూ ఆస్పత్రికి వచ్చాం కదా, పనిలో పని" అన్నారనుకోండి, అక్కడ మీకు చోటుంది. ఫ్యాను బాగుచేయించడానికీ, మోటారు కాయిల్ చుట్టించడానికీ ఎవరూ బస్సెక్కరు.

డాబా పెడతాననే వాళ్లు పెట్రోలు బంకులు కూడా చూడాలి. మన వైపు పన్ను ఎక్కువ కావడంతో ఒడిశా బంకుల్లో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. లారీవాడు ట్యాంకు అక్కడ నింపితే టీ, భోజనం, పంక్చరు అన్నీ అక్కడే. అలాగని ఈ తేడాను నమ్ముకుని బోర్డరు అవతల డాబాకు ఏడేళ్ల లోను తీసుకోవద్దు. ఒక్క జీవోతో మారిపోయే లాభం అది.

ఇక అసలు విషయం, కొబ్బరి, జీడి. ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట చుట్టుపక్కల మన తోటల ప్రాంతంలో, ఏ వ్యాపారమైనా చివరికి ఈ రెండింటి మీదే నిలబడుతుంది. ఒక రోజు కవిటి వైపు ఏదైనా కొబ్బరి కళ్లంలో కూర్చోండి. లెక్కపెట్టేవాడు రెండు చేతులా కాయలు విసురుతూ, చప్పుడు తేడాగా ఉన్న కాయను చూడకుండానే పక్కకు తోసేస్తాడు. ఆ పక్క కుప్ప ఎంత పెరుగుతోందో చూస్తే తోటల ఆరోగ్యం తెలిసిపోతుంది. తెల్లదోమ పట్టిన ఏడాది కాయ చిన్నదవుతుంది, కుప్ప పెద్దదవుతుంది. ఆ తర్వాత లారీ నంబరు ప్లేట్లు చదవండి. దసరా, దీపావళి, ఛట్ పండగల ముందు ఉత్తరాది నుంచి గిరాకీ ఉంటే ఊళ్లో అప్పులు తీరతాయి, లేకపోతే మీ షాపులో ఖాతా పుస్తకం లావెక్కుతుంది.

జీడిపిక్కల సీజను ఎండాకాలం. ఇక్కడ 80 కిలోల బస్తా లెక్కన బేరం. పలాస ఫ్యాక్టరీలకు ఆఫ్రికా పిక్క కూడా వస్తుంది కనుక మన పంట తగ్గినంత మాత్రాన మన రేటు పెరగదు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని పడగొట్టింది. మళ్లీ నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టింది. అందుకే ఊరు చూసేటప్పుడు చెట్ల సంఖ్యతో పాటు చెట్ల వయసు కూడా అడగండి. లేత తోటలు ఎక్కువున్న ఊళ్లో రాబడి ఇంకా పెరుగుతుంది. ముసలి తోటల ఊరు ఇప్పుడు కళకళలాడుతున్నా తొందరపడొద్దు.

బయటి నుంచి వచ్చే డబ్బు తెలుసుకోవాలంటే బ్యాంకు మిత్రను, అంటే ఊళ్లోనే బ్యాంకు తరఫున డబ్బు కట్టించుకుని, ఇచ్చే మనిషిని, పట్టుకోండి. వెల్డింగు, ఫిట్టరు పనులకు గల్ఫ్, సింగపూర్, చెన్నై, హైదరాబాద్ వెళ్లినవాళ్లు పంపే డబ్బు ఏ తారీకుల్లో పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఎవరి ఖాతాలో ఎంతుందో అడగొద్దు, అడిగినా చెప్పకూడదు. రద్దీ రోజులు తెలిస్తే చాలు. బంగారం లోన్ల గురించి కూడా కదపండి. జూన్‌లో స్కూలు ఫీజులకు పెట్టిన నగలు సంక్రాంతికి విడిపిస్తున్నారా, వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయిస్తున్నారా? తిరగరాసే ఊళ్లో అరువు వ్యాపారం పెట్టకండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు కూడా ఆర్థిక లెక్కే, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా. డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను వస్తుంది, కానీ ఆ ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడ్డాడు, తోడు వెళ్లే మనిషికి కూలీ పోయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. వైద్యం దగ్గరకు రావడం చిన్న మేలు కాదు.

పోర్టు వస్తోందని భూమి కొనేవాళ్లకు నా మాట చేదుగా ఉంటుంది. మూలపేట పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి, నిజమే. అది సంతబొమ్మాళి మండలం, ఇచ్ఛాపురానికి పక్క ఊరు కాదు. ఇక్కడి ఐటీఐ కుర్రాడికి గోపాల్‌పూర్ రేవు, దాని దగ్గర టాటా స్టీల్ పారిశ్రామిక పార్కు అంతకన్నా దగ్గర. మన పిల్లలకు ఒడియా వస్తే అదే పెట్టుబడి.

చివరగా కాగితాలు. సరుకుల వ్యాపారానికి ఆంధ్రాలో టర్నోవరు 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వినే ఉంటారు. పన్ను పడే సరుకును బోర్డరు అవతలి షాపుకు మీరు పంపితే ఆ మినహాయింపు వర్తించదు, టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మనే కూడదు. కొబ్బరికాయకు పన్ను లేదు కనుక దానికి ఈ టెన్షన్ లేదు. ఒడిశా మనిషే మీ కౌంటరుకు వచ్చి సొంత వాడకానికి కొని పట్టుకుపోతే, బిల్లు మీద ఒడిశా అడ్రసు లేకపోతే, అది ఇక్కడి అమ్మకమే. చిన్న షాపుకు ఈ దారే మేలు, కాబట్టి బోర్డు ఒడియాలో కూడా రాయించండి, ఒడియా మాట్లాడే కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టుకోండి.