పాత మజిల్‌లోడర్ ట్రిగ్గర్ బరువుగా ఉందా? గాడి జోలికి ముందే పోకండి

గొట్టం నోటి నుంచి మందు కూరే పాత క్యాప్‌లాక్ (చిన్న పేలుడు క్యాప్‌ని హామర్ కొడితే పేలే) రైఫిల్ ట్రిగ్గర్‌కి నాలుగైదు కిలోల లాగుడు పడుతోందంటే, చాలామంది నేరుగా టంబ్లర్ (హామర్‌తో పాటు తిరిగే లోపలి ముక్క) గాడిని ఆకురాయితో అరగదీస్తారు. తుపాకి పాడయ్యేది అక్కడే. చెన్నైలో ఉప్పుగాలి, తేమ రెండూ ఉన్నాయి కాబట్టి ముందు తుప్పు, గడ్డకట్టిన నూనె, ఉబ్బిన కర్ర చూడాలి.

మొదట తుపాకి ఖాళీ అని తేల్చుకోండి. ర్యామ్‌రాడ్‌ని గొట్టంలో అడుగుదాకా దించి, నోటి దగ్గర గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కన ఆనించి చూడండి. కొస నిపుల్ (క్యాప్ తొడిగే మొన) దాకా రాకపోతే లోపల ఏదో ఉంది. అటకమీది తుపాకుల్లో పాత మందు ఉండిపోవడం మామూలే. అలా ఉంటే అక్కడితో ఆపి, లైసెన్సున్న గన్‌స్మిత్ చేత తీయించండి.

ఇక తూకం. ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ షాపులో స్ప్రింగ్ త్రాసు కొని, కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి తిన్నగా వెనక్కి లాగండి. హామర్ నిపుల్ మీద పడకుండా బొటనవేలితో పట్టుకోవాలి. ఐదుసార్లు తూచి సగటు రాసుకోండి. తర్వాత లాక్ (హామర్, స్ప్రింగులు ఉన్న పక్క పలక) స్క్రూలు అర చుట్టు వదులు చేసి మళ్లీ తూచండి. బరువు తగ్గిందా? లాక్ కర్రకి రాసుకుంటోంది.

హామర్‌ని హాఫ్‌కాక్‌లో (సగం వెనక్కి లాగి ఆపే స్థితిలో) పెట్టి లాక్ ఊడదీయండి. బయట ఉన్న లాక్‌లో హామర్‌ని ఎప్పుడూ వదిలేయకండి, టంబ్లర్ గానీ దాన్ని పట్టి ఉంచే బ్రిడిల్ గానీ విరుగుతుంది. పాత జిగురుని కిరోసిన్‌తో, మందు మసిని సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఇరుసులకి ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది.

రాపిడి ఎక్కడో కాటుక చెబుతుంది. సియర్ (టంబ్లర్ గాడిలో ఇరుక్కుని, ట్రిగ్గర్ నెడితే వదిలే మీట) చేతికి, స్ప్రింగుల అంచులకి పలచగా పూసి లాక్ బిగించి, ట్రిగ్గర్ నాలుగుసార్లు లాగి ఊడదీయండి. కర్ర మీద నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో సన్నని పొర తీసి, మళ్లీ కాటుక పూసి చూడండి. ఒక్కోసారి ఆ పొర కాగితమంత కూడా ఉండదు.

విడిగా ఉన్న లాక్‌లో సియర్ తేలిగ్గా కదులుతూ, తుపాకిలో బిగిస్తే బరువవుతుంటే తప్పు ట్రిగ్గర్ పిన్నుది కావచ్చు. పిన్ను నుంచి సియర్‌ని నెట్టే చోటికి దూరం ఎంత ఎక్కువైతే లాగుడు అంత బరువు.

లాక్ విడిగా కూడా బరువే అయితే మిగిలింది సియర్ ముక్కు, గాడి. ఇది గన్‌స్మిత్ పని. ఆయుధాల చట్టం 1959 ప్రకారం రిపేరు పనికి లైసెన్సు కావాలి. నున్నటి సానరాయితో మెరుగు పెట్టమని అడగండి, కోణం మార్చొద్దని గట్టిగా చెప్పండి. పాత లాకుల్లో గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అది పోతే లోపలి మెత్తని ఇనుము త్వరగా అరుగుతుంది, గాడి జారి తుపాకి తనంతట తానే పేలుతుంది. సియర్ స్ప్రింగుని మరీ పలచన చేసినా హాఫ్‌కాక్ సరిగా పట్టదు.

వేట రకం రైఫిల్‌కి 1.5 నుంచి 2 కిలోలు చాలు, అంతకంటే దించకండి. చివరగా ఖాళీ తుపాకిని ఫుల్‌కాక్ చేసి (హామర్‌ని పూర్తిగా వెనక్కి లాగి), హామర్‌ని బొటనవేలితో ముందుకి గట్టిగా తోయండి. తుపాకి మడమని (భుజానికి ఆనే కర్ర చివరని) రబ్బరు చాప మీద ఐదారుసార్లు కొట్టండి. హాఫ్‌కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ బలంగా లాగండి. ఈ మూడింటిలో ఒక్కసారి హామర్ జారినా మందు పోయవద్దు.